ట్లాటెలోల్కోలో ఒక మధ్యాహ్నం

మెక్సికో సిటీ నడిబొడ్డున సోకలో అనే చౌరస్తా. దానికి ఒక పక్క స్పానిష్ వాళ్లు కట్టిన పెద్ద చర్చి, పక్కనే వాళ్లు కూల్చిన మహాలయం, టెంప్లో మాయోర్. స్పానిష్ వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన అజ్‌టెక్‌ల గుడి అది. గుడి రాళ్లు కొన్ని ఆ చర్చి కట్టడంలోకే వెళ్లాయి. 1978లో కరెంటు పనివాళ్లు తవ్వుతుండగా ఇక్కడ కొయోల్‌షౌకి దేవత రాతి పలక బయటపడింది. మ్యూజియంలో పై నుంచి చూశాను. మూడు మీటర్లకు పైగా వెడల్పు. తల, చేతులు, కాళ్లు తెగి వేరుగా పడి ఉన్న దేవత, చెంప మీద గంటలు. ఆమెను చంపిన తమ్ముడు యుద్ధ దేవుడు, అతని గుడి మెట్ల కిందే ఆ పలక పరిచారు. యుద్ధం చుట్టూ అల్లుకున్న రాజ్యమని అది చూస్తేనే అర్థమవుతుంది.

అక్కడినుంచి మెట్రోలో హిడాల్గో దగ్గర మారి ట్లాటెలోల్కో వెళ్లాను. నేను ముఖ్యంగా చూడాలనుకున్నది ఇదే. 1521 ఆగస్టు 13న అజ్‌టెక్‌ల చివరి పోరాటం ముగిసింది ఇక్కడే.

దండయాత్ర నడిపిన స్పానిష్ నాయకుడు కోర్టెస్ వెంట మొదట దిగిన సైనికులు ఐదారు వందల మంది. అంతమందితో అజ్‌టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్ లాంటి నగరం పడిపోదు. అజ్‌టెక్‌ల దిగ్బంధంలో ఉప్పుకీ పత్తికీ మొహం వాచిన పొరుగు రాజ్యం ట్లాక్స్‌కాలా వాళ్లు వేల సంఖ్యలో అతనితో కలిశారు. 1520లో మశూచి ఊరంతా పాకింది. అజ్‌టెక్ రాజు మోక్టెజూమా తర్వాత గద్దెనెక్కిన క్విట్లావాక్ కూడా దానికే పోయాడు. ఆపైన చపుల్టెపెక్ గుట్ట నుంచి వచ్చే మంచినీటి కాలువ తెంచేశారు, నగరం చుట్టూ ఉన్న సరస్సులో 13 ఓడలు దింపారు. జనం ఆకలికీ దాహానికీ మాడిపోయారు. దీన్ని కొద్దిమంది వీరుల విజయంగా చెప్పడం అన్యాయం.

శిథిలాల పక్కన ఒక ఫలకం ఉంది. 1521లో జరిగింది గెలుపూ కాదు, ఓటమీ కాదు, నేటి మెక్సికో అయిన మిశ్రమ జాతి బాధాకరమైన పుట్టుక అని దాని సారాంశం. గొప్ప మాటే, కానీ నాకు పూర్తిగా మింగుడు పడలేదు. ఆ వీధుల్లో చచ్చిపోయినవాళ్లకు అది ఓటమే. ఇదే చౌకులో 1968 అక్టోబరు 2న విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, వాళ్ల స్మారక శిల కూడా చూసి వెళ్లండి.

కోర్టెస్ ఎముకలు సోకలో చౌరస్తాకి దక్షిణాన, హెసూస్ ఆసుపత్రి పక్క చర్చిలో ఉన్నాయి. గోడకు పేరు, 1485, 1547 అని రెండు సంవత్సరాలు, అంతే. అతను 1525లో ఉరితీయించిన చివరి రాజు క్వావ్‌టెమోక్‌కి మాత్రం రిఫార్మా రోడ్డు మీద నిలువెత్తు విగ్రహం ఉంది. అది 1887 నాటిది.