షేషకు ఎక్కడ ఉంది?

తెలుగు బైబిలులో యిర్మీయా గ్రంథం 25వ అధ్యాయం చదివేవారికి షేషకు రాజు ప్రస్తావన ఎదురవుతుంది. హనుమకొండలో మేము కొందరం కలిసి పాత గ్రంథాలు చదువుకునే చోట ఒక పెద్దాయన ఆ రాజ్యం ఎక్కడిదని అడిగారు. ఆ పేరును పటంలో కాదు, హీబ్రూ అక్షరాలలో వెదకాలి.

హీబ్రూ వర్ణమాలలో 22 అక్షరాలున్నాయి. మొదటి పదకొండింటిని ఒక వరుసగా రాసి, మిగిలిన పదకొండింటిని చివరి నుంచి వెనక్కు వాటి కింద పేర్చితే, ఆలెఫ్ కింద తావ్, బేత్ కింద షిన్, చివరకు కాఫ్ కింద లామెద్ వచ్చి నిలుస్తాయి. ఈ జతలలో ఒకదానికి బదులు మరొకటి రాయడమే అత్బాష్. బబులోనుకు హీబ్రూ పేరైన బాబెల్ అంటే బేత్, బేత్, లామెద్. మార్చి రాస్తే షిన్, షిన్, కాఫ్, అంటే షేషక్. అదే గ్రంథం 51వ అధ్యాయంలో షేషకు, బబులోను ఒకే వచనంలో జంటగా వస్తాయి కనుక ఈ అన్వయానికి మూలంలోనే ఆధారం ఉంది.

అచ్చులను విడిగా గుర్తించకుండా హల్లులతోనే రాసే లిపి కావడం వల్ల అక్కడ అక్షరాలు సులువుగా చోటు మారుతాయి. మన గుణింతాలలో అచ్చు హల్లును అంటిపెట్టుకునే ఉంటుంది. ఈ అక్షరాలతోనే దేవుడు సృష్టి చేశాడని చెప్పే సెఫెర్ యెత్సిరా అనే పాత యూదు గ్రంథం, మూడు అక్షరాలు ఆరు విధాలుగా, ఏడు అక్షరాలు 5040 విధాలుగా అమరుతాయని లెక్కగడుతుంది. మేలులో ఒనెగ్‌ను (ఆనందం) మించినది లేదని, కీడులో నెగాను (తెగులు) మించినది లేదని కూడా అంటుంది. రెండింటిలోనూ ఉన్నవి అయిన్, నూన్, గిమెల్ అనే మూడు అక్షరాలే, క్రమమే వేరు. ఇంత క్లుప్తంగా ఇంత లోతైన మాట చెప్పిన వాక్యాన్ని నేను అరుదుగా చదివాను.

1240లో స్పెయిన్‌లోని సరగోసాలో పుట్టిన యూదు మార్మికుడు అబ్రహాం అబులాఫియా ఈ అక్షర సంయోజనాన్ని శ్వాసతో, తల కదలికలతో కలిపి ధ్యానమార్గంగా మలిచాడు. జపంలో మంత్రాక్షరాల బలం ఎరిగిన మనకు అది పరాయిగా తోచదు. అయితే ధ్యానంలో అక్షరాలు ఎటు తిరిగినా సాధకుడికి మేలే కావచ్చు గాని, వ్యాఖ్యానంలో అంత స్వేచ్ఛ చెల్లదని నా అభిప్రాయం. 5040 అమరికలలో కోరిన అర్థం ఎక్కడో ఒకచోట దొరకకపోదు. అందుకే ఆ పెద్దాయనకు షేషకు గురించి చెప్పేటప్పుడు అత్బాష్ పట్టికకన్నా ముందు 51వ అధ్యాయం 41వ వచనాన్నే తెరిచి చూపించాను.