నలభై మూడు చీటీలు

2025 నవంబరు 22, శనివారం. రాత్రి పది కావస్తోంది.

భోజనాల బల్ల తుడిచేసి, దాని మీద చీటీలు పరుచుకుని కూర్చున్నాను. మొత్తం 43. తొమ్మిదో తరగతి వాళ్ళవి. రూళ్ళ కాగితాన్ని సగానికి చింపి ఇచ్చాను కాబట్టి అన్నీ ఒకే కొలత, చేతిరాతలు మాత్రం ఏ రెండూ ఒకలా లేవు. కొందరు నాలుగు వాక్యాలు రాసి కింద గీత కొట్టారు, పరీక్ష పేపర్లో జవాబు అయిపోయాక కొట్టినట్టు.

జూన్‌లో ఫ్రెంచి విప్లవం పాఠం చెప్పినప్పటి మాట ఇది. 1789లో రాజు మూడు వర్గాల సభ పిలిచాడు, రైతుల్నీ ఆడవాళ్ళనీ సభలోకి రానివ్వలేదు, కానీ వాళ్ళ కష్టాలన్నీ రాసిన ఉత్తరాలు సుమారు 40,000 ప్రతినిధులు వెంట తెచ్చారు అని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. అది చదివి ముందుకు వెళ్ళబోతుంటే మూడో బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి, "ఆ ఉత్తరాలు ఎవరైనా చదివారా మేడం?" అన్నాడు. సిలబస్ తరుముతోంది, తర్వాత చెబుతానన్నాను. చెప్పలేదు. ఐదు నెలలుగా ఆ ప్రశ్న నాతోపాటే తిరుగుతోంది.

ఈరోజు నో బ్యాగ్ డే. పుస్తకాలు లేవు, మూడో పీరియడ్ నాదే. కాగితాలు పంచి బోర్డు మీద ఒక్క ప్రశ్న రాశాను: "మన బడిలో ఏదైనా మార్చే వీలు నీకు ఉంటే ఏది మారుస్తావు? ఎందుకు?" పేర్లు రాయొద్దన్నాను.

ఐదు నిమిషాలు ఒక్కరూ పెన్ను కదపలేదు. పక్కవాళ్ళ కాగితంలోకి చూసుకున్నారు. చివరికి ఒకడు అడిగాడు, "ఏం రాస్తే కరెక్టు మేడం?" అని. కరెక్టు అంటూ ఏమీ లేదు నాన్నా, నాకు తెలియదు కాబట్టే అడుగుతున్నానన్నాను. తరగతిలో చిన్న కలకలం. తొమ్మిదేళ్ళుగా ఈ పిల్లల్ని మేము అడిగినవన్నీ మాకు ముందే జవాబు తెలిసిన ప్రశ్నలు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న వాళ్ళకి ఎదురు పడినట్టే లేదు.

ఆ తర్వాత మాత్రం గంట కొట్టినా ఆపలేదు.

రోజూ ఆటల పీరియడ్ కావాలని పన్నెండు మంది రాశారు. రాగిజావ ఉండలు కడుతోందని నలుగురు. లైబ్రరీ బీరువా తాళం ఎప్పుడూ స్టాఫ్ రూమ్‌లోనే ఉంటుందని, అది క్లాసు లీడర్ దగ్గర పెట్టమని ముగ్గురు. ఇవన్నీ చదువుతుంటే సంతోషంగానే ఉంది. మధ్యలో ఒక చీటీ దగ్గర ఆగిపోయాను. అందులో ఉన్నది లెక్క.

"ఆడపిల్లలం 97 మందిమి. నడిచే బాత్రూములు మూడు. ఇంటర్వెల్ పది నిమిషాలు. ఒక్కొక్కరికి పంతొమ్మిది సెకన్లు కూడా రావు. అందుకే మేము పొద్దున్నుంచి నీళ్ళు తాగం."

పెన్ను తీసుకుని నేనూ లెక్క కట్టాను. పది నిమిషాలంటే 600 సెకన్లు, మూడింటికి 1,800. దాన్ని 97తో భాగిస్తే పద్దెనిమిదిన్నర. సరిగ్గానే కట్టింది. నాలుగేళ్ళుగా ఆ వరండాలోంచే నడుస్తున్నాను. ఇంటర్వెల్‌లో ఆడపిల్లలు గుమిగూడి కబుర్లు చెప్పుకుంటున్నారనీ, గంట కొట్టినా క్లాసుకి రారనీ కేకలేశాను కూడా. వాళ్ళు నిలబడింది వరుసలో.

ఇంకో చీటీ పాఠ్యపుస్తకం గురించి. మా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, దాని ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. "ఇంగ్లీషు పేజీ చదివించి అర్థం అడుగుతారు. ముందు తెలుగు పేజీ చదువుకోనిస్తే, తర్వాత ఇంగ్లీషు పేజీ మేమే చదువుతాం. తెలుగు పేజీ చూస్తే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది" అని రాసి ఉంది. ఆ చివరి వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. ఇంగ్లీషు మీడియం అన్నాం కదా అని తెలుగు పేజీ మీద చెయ్యి పెట్టి మూయించిన రోజులు నాకు గుర్తున్నాయి.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులకి ఇంగ్లీషు మీడియం జీవోలు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల ఇష్టం రాయించుకున్నారు. కూలికి వెళ్ళే తల్లి తన బిడ్డకి ఇంగ్లీషు కావాలనడంలో నాకు తప్పేమీ కనిపించదు, ఆమె స్థానంలో నేనున్నా అదే అంటాను. అప్పటికి ఈ పిల్లలు మూడో తరగతిలో ఉన్నారు. అంత చిన్నవాళ్ళని ఏమడుగుతాం అనుకోవచ్చు. ఇప్పుడు తొమ్మిదికి వచ్చారు. ఆ రెండు పేజీల మధ్య ఇన్నేళ్ళూ నడిచి వచ్చింది వాళ్ళే. ఏ మీడియం మంచిదని పేపర్లలో, టీవీల్లో, కోర్టుల్లో అంతమంది మాట్లాడారు గానీ, ఏ పేజీ ముందు చదివితే నీకు తేలిక అని నేనే ఇన్నాళ్ళూ వీళ్ళని అడగలేదు. దీనికి జీవో అక్కర్లేదు. సోమవారం నుంచి నా పీరియడ్‌లో తెలుగు పేజీతోనే మొదలుపెడతాను.

ఇక ఆ చీటీ.

పేరు లేకపోయినా ఎవరిదో తెలిసిపోయింది. 'ళ' తోక కిందికి లాగి చుట్టే అలవాటు ఆ అమ్మాయి ఒక్కదానికే ఉంది. "మంగళవారం గురువారం సాయంత్రం క్లాసు తీసేయండి. నాలుగున్నర బస్సు వెళ్ళిపోతే మళ్ళీ ఏడింటికే. ఆటోకి 30 రూపాయలు. అమ్మమ్మ దగ్గర అడగలేను. అందుకని ఆ రోజుల్లో రావడం మానేశాను."

మొంథా తుపానుకి సెలవులు ఇచ్చారు కదా, ఆ పోయిన పాఠాల కోసం వారానికి రెండు రోజులు ఐదుంపావు దాకా అదనపు క్లాసు పెట్టాం. మంగళవారం లెక్కలు, గురువారం నాది. పిల్లల మేలు కోసమే పెట్టాం, మా ఇళ్ళకి మేమూ ఆలస్యంగానే వెళ్తున్నాం. ఆ అమ్మాయి వారంలో ఆ రెండు రోజులే కనిపించకపోవడం హాజరు పట్టీలో చూశాను. క్లాసు ఎగ్గొట్టడానికే మానేస్తోందని తేల్చుకున్నాను. పోయిన బుధవారం అందరి ముందూ నిలబెట్టి, "చదువంటే ఇంత నిర్లక్ష్యమా?" అన్నాను. తల వంచుకుని నిలబడింది. జవాబు చెప్పలేదు. చెప్పమని నేను నిజంగా అడిగిందెక్కడ?

ఒక్క గంట అదనపు క్లాసు కోసం ఆ పిల్లకి రోజంతా బడి పోయింది. ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టికెట్టు లేదు, ఆ బస్సు దొరికితే దానికి రూపాయి ఖర్చు లేదు. బస్సు దొరక్కుండా చేసింది మా టైంటేబుల్. ఆ దారిన వచ్చేవాళ్ళు తొమ్మిదిలోనే పదకొండు మంది అని మధ్యాహ్నం హాజరు పట్టీ ముందేసుకుని ఊళ్ళ వారీగా చూస్తే తేలింది. టైంటేబుల్ వేసిన రోజు స్టాఫ్ రూమ్‌లో ఏడుగురం ఉన్నాం, ఆ బస్సు ఎక్కేవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

భోజనాల వేళ బాత్రూముల చీటీ, బస్సు చీటీ తీసుకుని హెడ్‌మాస్టర్ గారి గదికి వెళ్ళాను. చదివారు, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అడిగితే అన్నీ అడుగుతారమ్మా. అన్నీ తీర్చగలమా మనం?" అన్నారు. ఆ మాటలో విసుగు లేదు, భయం ఉంది. "తీర్చలేనివి తీర్చలేమని, ఎందుకు తీర్చలేమో కూడా చెబుదాం సార్" అన్నాను. కాసేపు ఆలోచించి, ఇంటర్వెల్‌ని రెండుగా విడగొడదామని ఆయనే అన్నారు: ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి ఒకసారి, తొమ్మిది, పదికి ఇంకోసారి. సోమవారం నుంచే. బాత్రూములు పెరిగేదాకా ఇది సగం పరిష్కారమే.

లెక్కల మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "పదో తరగతి ఫలితాలు తగ్గితే అడిగేది మనల్ని. పిల్లల్ని అడిగి సిలబస్ నడుపుతామా?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను, ఆ ఒత్తిడి నాకూ తెలుసు. కానీ ఏడెనిమిది మంది రాని క్లాసులో పూర్తయిన సిలబస్ ఎవరికి పూర్తయినట్టు? అదే అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా పట్టీ తీసుకుని మంగళవారం గడులు చూడటం మొదలుపెట్టారు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, "పొద్దున ఎనిమిదింబావుకి పెట్టుకుంటే ఆ బస్సు పిల్లలకి కుదురుతుందేమో కనుక్కోండి టీచర్" అన్నారు.

దీనికి ముందు పనిచేసిన బడిలో జరిగింది ఇక్కడ రాసుకోవాలి, ఇంతవరకు ఎక్కడా రాయలేదు. అక్కడ సూచనల పెట్టె ఒకటి పెట్టించాను. ఆకుపచ్చ రేకు పెట్టె, తాళం చెవి నా దగ్గర. మొదటి నెల రెండుసార్లు తెరిచాను. తర్వాత ఎన్నికల డ్యూటీ, ట్రైనింగులు, పరీక్షలు. బదిలీ మీద వచ్చేసే రోజున తాళం చెవి అప్పగించబోతూ తెరిస్తే లోపల పందొమ్మిది కాగితాలు. అట్టడుగున ఉన్నవాటికి చెమ్మ పట్టింది. అన్నిటికంటే పైన ఉన్న దాంట్లో "మేడం మీరు ఇది చదవరని తెలుసు" అని ఉంది. అది రాసిన బిడ్డ ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. అడగకపోయినా ఇంత చెడు జరిగేది కాదు. అడిగి వినకపోవడంతో, చెప్పినా లాభం లేదని పందొమ్మిది మందికి నేనే నేర్పినట్టయింది.

అందుకే ఏటా జరిపే స్వపరిపాలన దినోత్సవం నాకు చాలడం లేదు. ఆ రోజు ముచ్చటగానే ఉంటుంది. పిల్లలు అమ్మల చీరలు కట్టుకుని టీచర్లవుతారు, ఒకరు హెడ్‌మాస్టర్, ఒకరు డీఈవో, ఒకరు కలెక్టర్. ఫొటోలు తీస్తాం, బహుమతులిస్తాం. కానీ ఆ రోజు వాళ్ళ నోట వచ్చేవి మా మాటలే. "సైలెన్స్" అని మేము అరిచినట్టే అరుస్తారు. మెగా పేరెంట్ టీచర్ మీటింగులూ అంతే, నిరుడు డిసెంబరు 7న, ఈ ఏడు జూలై 10న. తల్లిదండ్రులు బడికి రావడం ఎంతో మంచిది, అలా రావాలని ఏళ్ళుగా కోరుకున్నాం. మా పిల్లలు ముగ్గులు వేశారు, స్వాగతం పలికారు, కుర్చీలు మోశారు. వాళ్ళ చదువు గురించే పెద్దవాళ్ళం మాట్లాడుకుంటుంటే గోడ వారగా నిలబడ్డారు.

చట్టం ఇంత దూరం పెట్టలేదు వాళ్ళని. విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులు ఉండాలన్నారు. మిగిలిన పాతికలో మూడో వంతుకి స్థానిక విద్యావేత్తల్ని గానీ బడి పిల్లల్ని గానీ తల్లిదండ్రులే ఎంచుకోవచ్చు. బడి పిల్లలు! ఆ మాట అందులో ఉంది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది, 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. ఇవన్నీ నేను పాఠంగా చెప్పినవే. హక్కులు ఎన్ని అని అడిగి మార్కులు వేసినదాన్నే.

వచ్చే కమిటీ మీటింగుకి తొమ్మిది నుంచి ఇద్దరు, పది నుంచి ఇద్దరు వచ్చి మాట్లాడేలా చూడమని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను. చైర్‌పర్సన్ గారికి ఆయనే ఫోన్ చేశారు. ఆమె మిరప చేలో ఉన్నారట, "రానీయండి సార్, మా పిల్లలేగా, వాళ్ళకి తెలిసినంత మాకేం తెలుసు లోపల సంగతి" అన్నారట. ఎవరు రావాలో మేము ఎంపిక చేయకూడదు, పిల్లలే ఎన్నుకోవాలి. లేకపోతే మళ్ళీ ఫస్టు ర్యాంకు వాళ్ళే వస్తారు, బస్సు తప్పిపోయేవాళ్ళు రారు.

చీటీలన్నీ లాంగ్ నోటుబుక్‌లో అతికించాను. ఒక్కో చీటీ ఎదురుగా గీత కొట్టి 'జవాబు' అని రాశాను. ఆటల పీరియడ్ రోజూ కుదరదు, వారానికి ఇంకొకటి పెంచగలమేమో చూస్తాం. రాగిజావ సంగతి వంట చేసే ఆమెతో సోమవారం మాట్లాడాలి, ఆమె చెప్పేదీ పిల్లలు వినాలి. తాళం ఇస్తాం. సోమవారం మూడో పీరియడ్‌లో వరుసగా చదివి వినిపిస్తాను. దానికంటే ముందు, ప్రార్థన అయ్యాక, ఆ అమ్మాయితో మాట్లాడాలి. అందరి ముందూ అన్న మాటకి అందరి ముందే తప్పయిందని చెప్పాలి. కానీ దాని ఇంటి సంగతి నలుగురిలో బయటపడకూడదు. ఎలా చెబితే బాగుంటుందో దాన్నే ముందు అడుగుతాను.

ఇక మిగిలింది ఆర్టీసీ డిపో మేనేజర్ గారికి ఉత్తరం. నాలుగున్నర బస్సుని ఐదున్నరకి మార్చమని అడగాలి. తెల్ల కాగితం తీసి "గౌరవనీయులైన డిపో మేనేజర్ గారికి, నమస్కరించి వ్రాయునది" దాకా రాశాక చెయ్యి ఆగింది. నాలుగింటికే ఇంటికి పోవాల్సిన ఆరో తరగతి చిన్నవాళ్ళూ ఆ బస్సులోనే ఉంటారు. ఐదున్నరకి మారిస్తే వాళ్ళేం చేయాలి? పొద్దున క్లాసు కుదిరితే అసలు బస్సు మార్చాల్సిన పనే ఉండదేమో కూడా. బస్సు ఎక్కేది నేను కాదు. ఆ కాగితాన్ని అలాగే నోటుబుక్‌లో పెట్టాను. పై రెండు లైన్లు నావి, మిగతాది సోమవారం ఆ దారి పిల్లలందరూ కూర్చుని రాస్తారు.