కత్తిరి ఎండలో ఒక కిలో డిస్కస్

మార్చి 9

ఈ రోజు నుంచి లెక్క రాసి పెడుతున్నాను. వయసు 62. పుత్తూరు హైస్కూల్లో పదో తరగతి చదివేటప్పుడు డిస్కస్ (పళ్ళెంలా ఉండే బరువైన చక్రం) విసిరేవాణ్ణి. తర్వాత ముప్పై ఏళ్ళు లారీ షెడ్డులో స్పానర్లతోనే సరిపోయింది. మే నెల మొదటి వారంలో తిరుపతిలో మాస్టర్స్ మీట్ ఉందని తెలిసి పేరు ఇచ్చేశాను.

మాస్టర్స్‌లో 35 దాటిన వాళ్ళను ఐదేళ్ళకొక గ్రూపుగా విడదీస్తారు. నాది 60–64. మగవాళ్ళకు 50 లోపు రెండు కిలోల డిస్కస్, 50 నుంచి 59 దాకా కిలోన్నర, 60 నిండితే ఒక కిలో. ఆడవాళ్ళ ఒలింపిక్స్‌లో వాడేదీ కిలోదే. 1988లో గాబ్రియేలె రైన్ష్ దాన్ని 76.80 మీటర్లు విసిరింది. ఇప్పటికీ ఆడవాళ్ళ ప్రపంచ రికార్డు అదే.

నాది ఈ రోజు, తిరగకుండా నిలబడి విసిరితే 21.60. ఒక చుట్టు తిరిగి విసిరితే 25.10.

మార్చి 16

ఎస్వీ యూనివర్సిటీ వైపు గ్రౌండులో ఉదయం 5:30కి. ఎదురుగా శేషాచలం కొండలు అప్పుడప్పుడే తెల్లారుతుంటాయి. విసిరేవాడు నిలబడే సర్కిల్ వ్యాసం రెండున్నర మీటర్లు, డిస్కస్ పడాల్సిన సెక్టార్ కోణం 34.92 డిగ్రీలు. కోణం కొలిచే పరికరం ఏదీ అక్కర్లేదు. సర్కిల్ మధ్య నుంచి రెండు గీతలు 20 మీటర్ల దాకా లాగాలి, ఆ చివర రెండింటి మధ్య దూరం సరిగ్గా 12 మీటర్లు ఉండాలి, అంతే. మా ఆవిడ ఇచ్చిన ముగ్గు పిండితో గీశాను. పిండి ఇస్తూనే, "ఏమండీ, కాలు జారి చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుని కూర్చోవాలి, చూసుకోండి" అంది. ఆమె భయం నిజమే. అందుకే రోజుకు 25 త్రోలు, వారానికి మూడు రోజులు, అంతకు మించను.

ఏప్రిల్ 2

పట్టు గురించి రాయాలి, నెల రోజులు నన్ను ఏడిపించింది ఇదే. డిస్కస్‌ను గుప్పిట్లో పట్టుకోకూడదు. నాలుగు వేళ్ళ చివరి కణుపులు మాత్రమే అంచు మీదికి వస్తాయి, బొటనవేలు పక్కన ఊరికే ఆని ఉంటుంది. చెయ్యి వేగంగా తిరుగుతుంటే ఆ వేగమే డిస్కస్‌ను వేళ్ళకు అదిమి పెడుతుంది. వదిలేటప్పుడు చివరగా తగిలేది చూపుడు వేలు. కుడిచేతి వాటం వాళ్ళు వదిలిన డిస్కస్ గాల్లో గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతూ పోవాలి. నట్టు బిగించే అలవాటున్న నా చెయ్యి దాన్ని గట్టిగా పట్టేసేది, అందుకే గాల్లో ఊగిపోయి అడ్డంగా పడేది. ఇక రాత్రి పూట టీవీ ముందు కూర్చుని నేల మీద దొర్లించడం మొదలుపెట్టాను. చూపుడు వేలితో వదిలితే గోడ దాకా నిటారుగా దొర్లుతుంది, తప్పుగా వదిలితే రెండడుగులకే ఒరిగిపోతుంది. పది రోజులు ఇదే పని.

ఈ రోజు 27.35.

ఏప్రిల్ 13

గాలి సంగతి. వెనక నుంచి వీచే గాలి సాయం చేస్తుందని చాలామంది అనుకుంటారు, డిస్కస్‌కు అది తిరగబడుతుంది. ఎదురు గాలి ఒక మోస్తరుగా ఉంటే రెక్కకు ఆనినట్టు పైకెత్తి పట్టుకుంటుంది. మగవాళ్ళ రికార్డు 74.08 మీటర్లు, 1986 నుంచి 38 ఏళ్ళు కదల్లేదు. 2024 ఏప్రిల్లో అమెరికాలోని ఓక్లహోమాలో, రమోనా అనే ఊళ్ళో మైకొలాస్ అలెక్నా దాన్ని దాటాడు. మళ్ళీ 2025లో అక్కడే 75.56 విసిరాడు. గాలి బాగా వీచే మైదానమని విసిరేవాళ్ళు వెతుక్కుని పోయే చోటు అది.

నేను ఆడే గ్రౌండులో ఉదయం ఆకు కూడా కదలదు. సాయంత్రం ఐదు దాటాక తూర్పు నుంచి కాస్త గాలి వస్తుంది. అందుకని వారంలో ఒక రోజు సాయంత్రానికి మార్చి, ఆ గాలికి ఎదురుగా విసిరాను. 28.15. అంచు ముందు భాగం కొద్దిగా దించి వదలాలి, లేకపోతే అదే గాలి పైకి లేపి అక్కడే పడేస్తుంది.

ఏప్రిల్ 20

టైం టేబుల్ వచ్చింది. మా విభాగం ఉదయం 9 గంటలకు. తొమ్మిదంటే మొదలయ్యేసరికి పది అవుతుంది, మే నెలలో తిరుపతి పది గంటల ఎండ ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పాలా?

ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి పది పదిహేను రోజులు పడుతుంది. అందుకని త్రోలు ఉదయాన్నే ఉంచి, 9 గంటలకు విడిగా నడక మొదలుపెట్టాను. మొదటి రోజు 15 నిమిషాలు, రోజుకు మూడేసి నిమిషాలు కలుపుకుంటూ పోవడం. దానికి ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి నా బీపీ బిళ్ళలు చూపించాను. కొన్ని బీపీ బిళ్ళలు ఒంట్లో నీళ్ళను మూత్రంలోకి పంపేస్తాయి. నాది ఆ రకం కాదని, ఉప్పు చక్కెర నీళ్ళు పోటీ రోజున మాత్రం తాగవచ్చని చెప్పింది. నా వయసు వాళ్ళందరూ ఈ ఒక్క పని చేసి తీరాలని నా మాట. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం.

మే మొదటి ఆదివారం, మీట్

ఇంట్లో 5 గంటలకు తూకం 71.4 కిలోలు. రాగి అంబలిలో మజ్జిగ కలుపుకుని రెండు గ్లాసులు తాగాను. సంచిలో: లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపిన సీసాలు రెండు, మామూలు నీళ్ళు రెండు లీటర్లు, తువ్వాళ్ళు మూడు, గొడుగు, చేతికి రాసుకునే చాక్ పొడి. డిస్కస్‌ను తడి గోనెసంచిలో చుట్టాను.

తొమ్మిది అన్నది పదకొండూ నలభై అయింది. కత్తిరి మొదలైన వారం, ఉన్నది ఒకే షామియానా, దాని కింద రన్నింగ్ వాళ్ళే పట్టలేదు. 60 దాటిన ఏడుగురం గోడ నీడలో నిలబడ్డాం, సూర్యుడు నెత్తి మీదికి వచ్చేకొద్దీ ఆ నీడ మా కాళ్ళ కిందికి కుదించుకుపోయింది. నిర్వాహకుల మీద నా బాధ ఇదొక్కటే. పరుగులను ఆలస్యం చేసినా ఫర్వాలేదనను, కానీ పెద్దవాళ్ళ త్రోలు ఏడు గంటలకే పెట్టి ముగించవచ్చు.

సిమెంటు సర్కిల్ బూటు అడుగులోంచి కాలుతోంది. నా ముందు విసిరినాయన డిస్కస్‌ను ఎండలోనే పెట్టాడు, తీసుకోబోయి ఇనుప అంచు తగిలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నాది గోనెసంచిలోంచి చల్లగానే వచ్చింది. తుడిచాను, చాక్ రాసుకున్నాను, లోపలికి వెళ్ళాను. మోచేతి నుంచి కారిన చెమట చుక్క ఒకటి మణికట్టు మీదుగా చూపుడు వేలు దాకా రావడం కనిపించింది. అయినా ఆగలేదు, తిరిగాను. డిస్కస్ జారి, సర్కిల్ చుట్టూ కట్టే వలకు కుడివైపు కొట్టుకుంది. ఫౌల్.

పిలిచాక నిమిషం టైం ఉంటుంది, తొందరపడటం నా తప్పు. రెండోసారి మోచేతికి చేతి రుమాలు బిగించి కట్టుకున్నాను, అరచేయి ఆరేదాకా ఆగాను. వేళ్ళకు తొడుగు వేసుకోకూడదు, మోచేతి దగ్గర కట్టుకోవచ్చని ముందే అడిగి పెట్టుకున్నాను. 27.64. మూడోది వదిలినప్పుడే తెలిసింది, వేలి చివర చిన్న లాగుడు తప్ప ఇంకేమీ తగల్లేదు. 29.08. నా లెక్కలో ఇంతవరకూ ఇదే ఎక్కువ.

చిత్తూరు నుంచి వచ్చిన ఒకాయన 29.31తో మూడో స్థానంలో ఉన్నాడు. నాకూ ఆయనకూ 23 సెంటీమీటర్లు తేడా. మొదటి ఎనిమిది మందికి ఇంకో మూడు త్రోలు ఉంటాయి, మేం ఏడుగురమే కాబట్టి అందరికీ ఉన్నాయి.

నాలుగోది 26.90. బయటికి వస్తుంటే ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఎండలో చలి పెట్టినట్టయింది. మెడ తడిమి చూసుకుంటే పొడిగా ఉంది, చెమట లేదు. షెడ్డులో పనిచేసే రోజుల్లో ఒక వేసవిలో మా కుర్రాడొకడు "చలేస్తోందన్నా" అని, ఐదు నిమిషాలకే ఇంజను పక్కన కూలబడిపోయాడు. వాడి మాటే గుర్తొచ్చింది. అఫిషియల్ దగ్గరికి వెళ్ళి మిగతా రెండూ పాస్, విసరనని చెప్పాను.

"ఇంకొక్కటి వేయి తమ్ముడూ, నన్ను దాటేస్తావు" అన్నాడు చిత్తూరాయన. నిజంగానే అన్నాడు, ముఖంలో పోటీ లేదు. నా చెయ్యి పట్టుకుని చూసి, తనే చెట్టు నీడకు తీసుకుపోయాడు. బూట్లు విప్పి, తడి తువ్వాలు ఒకటి మెడకు, రెండు చంకల్లో. పావుగంటకు చెమట మళ్ళీ పట్టింది. నాలుగో స్థానం.

ఇంటికొచ్చాక తూకం 69.9. అన్ని నీళ్ళు తాగినా కిలోన్నర పోయింది. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు నీళ్ళు పోయినట్టు. ఒంటి బరువులో రెండు శాతం దాటితేనే సత్తువ తగ్గుతుందంటారు, నాది దాటింది. పోగొట్టుకున్నదానికి ఒకటిన్నర రెట్లు మెల్లగా తాగాలి కాబట్టి రాత్రి దాకా నన్నారి నీళ్ళూ, మజ్జిగా, ఉప్పు చక్కెర నీళ్ళూ మార్చి మార్చి తాగాను.

మే 14

తొమ్మిది రోజులకు పైగా విశ్రాంతి. ఈ రోజు ఉదయం 5:30, నిలబడి మాత్రమే 12 త్రోలు, ఎక్కువ 24.40. మార్చిలో ఇది 21.60.

ఆల్ ఓర్టర్ 1956 నుంచి 1968 దాకా వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో డిస్కస్ బంగారం గెలిచాడు. అయినా తన జీవితంలో అతి దూరం, 69.46, విసిరింది 1980లో, 43 ఏళ్ళప్పుడు. ఆ సంగతి చిత్తూరాయనకు ఫోన్లో చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వచ్చే మీట్‌లో 60 దాటినవాళ్ళ త్రోలు ఏడు గంటలకే పెట్టాలని ఉత్తరం రాద్దామన్నాడు. నేను రాశాను. ఏడుగురిలో ఐదుగురి సంతకాలు వచ్చాయి, మిగిలిన ఇద్దరిలో ఒకరు కాళహస్తిలో ఉన్నారు. శుక్రవారం బస్సెక్కి వెళ్తున్నాను.