బోర్డు పోలేదు, రెండు కండెన్సర్లు పోయాయి

విశాఖలో మా పెదవాల్తేరు ఇంటికి సముద్రం దగ్గర. గాలి బాగా వస్తుందని చుట్టాలంతా మెచ్చుకుంటారు. ఆ గాలితోపాటే ఉప్పూ వస్తుంది. బాల్కనీ గ్రిల్లు, గేటు గొళ్ళెం తుప్పు పట్టడం కంటికి కనిపిస్తుంది కాబట్టి ఏటా పెయింటు వేయిస్తాం. టీవీ లోపల ఆ ఉప్పు ఏం చేస్తోందో మాత్రం వెనక మూత విప్పితే గానీ తెలీదు.

మా 32 అంగుళాల టీవీ చలికాలం నుంచీ సతాయిస్తోంది. పొద్దున్నే స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, రిమోట్ నొక్కితే ఆ లైటు కాసేపు మిణుకుమని మళ్ళీ ఎరుపులోనే ఆగిపోతుంది. బొమ్మా లేదు, సౌండూ లేదు. ప్లగ్గులోనే అలా వదిలేస్తే కాసేపటికి దానంతట అదే వచ్చేది. చివరికి అదీ మానేసింది. మెకానిక్‌ని పిలిస్తే మూత కూడా తియ్యకుండా, "బోర్డు పోయిందమ్మా, మార్చాల్సిందే. ఆ డబ్బుకి ఇంకొంచెం వేసుకుని కొత్తది తీసుకోండి" అనేసి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళికి ముందు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, కాసేపు కరెంటు తగిలాక వచ్చే టీవీ అంటే ముందు అనుమానించాల్సింది పవర్ బోర్డులోని కండెన్సర్లని, అంటే కరెంటుని కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలని. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపల ద్రవం ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది ఎండిపోతూ వస్తుంది. అది తగ్గేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, చలికి ఇంకా పెరుగుతుంది. అందుకే కాసేపు కరెంటు తగిలి వెచ్చబడ్డాకే టీవీ వస్తుంది. సౌండ్ వస్తూ స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటే అది వేరే కథ. చీకట్లో స్క్రీన్ మీద టార్చి వేసి చూస్తే బొమ్మ లీలగా కనబడుతుంది, అంటే బ్యాక్‌లైట్ పోయినట్టు. మాది అది కాదు.

మూత విప్పే ముందు ఒక్క మాట. 230 వోల్టుల కరెంటు ఈ బోర్డు మీదకి రాగానే డీసీగా మారి, అన్నిటికన్నా పెద్ద కండెన్సర్‌లో దాదాపు 325 వోల్టులుగా నిలుస్తుంది. ప్లగ్గు పీకాక కూడా అది కొంతసేపు అక్కడే ఉండొచ్చు. ప్రాణం తీసే వోల్టేజీ అది. హోల్డర్‌కి వైర్లు కట్టిన పాతకాలం ఫిలమెంటు బల్బుని ఆ కండెన్సర్ రెండు కాళ్ళకీ తగిలించి డిశ్చార్జ్ చేశాను. తర్వాత మీటర్ పెట్టి సున్నా చూశాకే చెయ్యి వేశాను. అత్తయ్య గుమ్మం దగ్గరే నిలబడి, "ఏటే అమ్మాయ్, పేల్తాదేటి? దూరంగా ఉండు" అంటూనే ఉన్నారు. ఆ భయం మంచిదే. మీటర్ వాడటం రానివాళ్ళు ఈ బోర్డు జోలికి వెళ్ళకండి.

మా ఆయన టార్చి పట్టుకున్నారు. 12 వోల్టుల లైను దగ్గర పక్కపక్కనే రెండు కండెన్సర్లు, 1000 మైక్రోఫారడ్ (నిలవ ఉంచే సామర్థ్యం), 16 వోల్టులవి. వాటి నెత్తిన గీసినట్టుండే గాట్లు ఉంటాయి, లోపల ఒత్తిడి పెరిగితే అక్కడే విచ్చుకోవడానికి. బాగున్న కండెన్సర్ నెత్తి చదునుగా మెరుస్తుంది. వీటిది వేలితో తడిమితే తెలిసేంత ఉబ్బింది. ఒకదాని గాటు చివర గోధుమరంగు మరక కూడా ఉంది. బోర్డు తిరగేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిని బోర్డుకి అతికించిన సోల్డర్‌లో, కాలి చుట్టూ వెంట్రుకంత సన్నని గుండ్రటి చీలిక. ఇలాంటి చీలిక టార్చిని ఏటవాలుగా పట్టుకుంటేనే కనబడుతుంది.

కొత్త కండెన్సర్లు డాబాగార్డెన్స్‌లో దొరికాయి. అదే 1000 మైక్రోఫారడ్, కానీ 25 వోల్టులవి, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునేవి అడిగాను. వోల్టేజీ ఎక్కువున్నది వేస్తే ఫరవాలేదు, తక్కువది మాత్రం వెయ్యకూడదు. 85 డిగ్రీలవి కూడా అమ్ముతారు, చూసి తీసుకోవాలి. పనిచేసే చోట పెరిగే ప్రతి 10 డిగ్రీల వేడికీ కండెన్సర్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది, మరి టీవీ లోపల గాలాడదు. ఎత్తు కూడా కొలుచుకుని వెళ్ళాను, లేకపోతే మూత పట్టదు.

పాతవి తీసి మీటర్‌లో పెడితే ఒకటి 1000కి బదులు 300 కూడా చూపించలేదు. కొత్తవి వేసేటప్పుడు మైనస్ గీత బోర్డు మీది గుర్తుకి సరిపోవాలి, తిరగేసి పెడితే పేలుతుంది. చీలిన చోట పాత సోల్డర్ పూర్తిగా తీసేసి కొత్తది పట్టించాను.

ఇక ఉప్పు సంగతి. మెయిన్ బోర్డులో కేబుల్ దూర్చే చోట రాగి మీద ఆకుపచ్చటి పొర కట్టింది. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, ఆ తడి రాగిని తినేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్ది, రాత్రంతా ఆరనిచ్చాను. నీళ్ళతో, శానిటైజర్‌తో మాత్రం తుడవకండి. శానిటైజర్‌లో కలిపే గ్లిజరిన్ బోర్డు మీదే జిగురుగా ఉండిపోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు మీదే, అంటే టీవీకి వెళ్ళే కరెంటు ముందు ఓ ఫిలమెంటు బల్బు గుండా వెళ్ళేలా కట్టి ఇచ్చాను. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే బోర్డులో ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. మాది ఒక్క క్షణం వెలిగి మసకబారింది. అప్పటిదాకా ఉన్న టెన్షన్ అంతా పోయింది. 12 వోల్టుల దగ్గర మీటర్ పెట్టాను, ముందు రోజు 8కీ 9కీ మధ్య ఊగిసలాడిన అంకె ఇప్పుడు 12 దగ్గర నిలకడగా ఉంది. అత్తయ్యకి సాయంత్రం సీరియల్ అందింది.

ఈ మాట మా అపార్ట్‌మెంట్‌లో పాకి, పై అంతస్తు వదినగారు వాళ్ళ టీవీ చూడమన్నారు. స్క్రీన్ మీద నిలువు గీతలు, ఓ మూల నొక్కితే మారుతున్నాయి. అది ప్యానెల్ అంచున అతికించిన సన్నటి రిబ్బన్ల లోపం. ఆ అతుకుకి వేడితో, ఒత్తిడితో నొక్కే మెషీన్ కావాలి, ఇంట్లో సోల్డరింగ్ ఐరన్‌తో అయ్యే పని కాదు. దాని మీద ఇంక డబ్బు పెట్టొద్దని చెప్పాను. వాళ్ళ పవర్ బోర్డు మాత్రం శుభ్రంగా ఉంది, పారెయ్యకుండా తీసి నాకు ఇమ్మన్నాను.