విశాఖలో మొదటి ఫ్లాటు కొనడం: నా అనుభవం

32 లక్షల ఫ్లాటు అనగానే అందరూ నెల వాయిదా లెక్క వేస్తారు. ముందు వేయాల్సింది చేతిలో ఎంత ఉండాలన్న లెక్క. పెందుర్తి, సుజాతనగర్, కూర్మన్నపాలెం వైపు ఫ్లాట్లు చూస్తూ తిరిగినన్నాళ్లూ నాకు పదేపదే కనిపించింది ఇదే. వాయిదా సులువుగా కట్టగలిగిన వాళ్లు కూడా రిజిస్ట్రేషన్ నాటికి డబ్బు చాలక బయానా వదులుకుంటున్నారు.

బ్యాంకు 25 లక్షలు ఇస్తే 7 లక్షలు మనం పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. మన రాష్ట్రంలో విక్రయ దస్తావేజుకి స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 32 లక్షల మీద అది 2 లక్షల 40 వేలు అవుతుంది. బ్యాంకు అప్పులో ఇది కలవదు. బిల్డింగు ఇంకా కడుతూ ఉంటే జీఎస్టీ కూడా ఉంటుంది. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల మనం వాడుకునే స్థలం) 90 చదరపు మీటర్ల లోపు అయితే 1 శాతం, ఆ రెండిట్లో ఏది దాటినా 5 శాతం. హైదరాబాద్‌కి ఈ కార్పెట్ హద్దు 60 చదరపు మీటర్లే, మెట్రో నగరాల జాబితాలో విశాఖ లేదు కాబట్టి మనకి 90. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగులో ఉండొచ్చని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. బ్యాంకు ప్రాసెసింగ్, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, దస్తావేజు లేఖరి ఖర్చులకి నేనైతే 50 వేలు పక్కన పెట్టుకోమంటాను. అన్నీ కలిపితే పది లక్షల పైచిలుకు. అంత డబ్బు కళ్లముందు కనిపించేదాకా బయానా ఇవ్వకండి.

సబ్సిడీని ఈ పది లక్షల్లో కలుపుకోవడం చాలామంది చేసే పొరపాటు. ప్రధాన మంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 అమల్లోకి వచ్చింది 2024 సెప్టెంబర్ 1న. అందులో వడ్డీ రాయితీ భాగం కింద కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండాలి, ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు, అప్పు 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల అప్పు మీద, 12 ఏళ్ల వరకు, 4 శాతం వడ్డీ రాయితీ లెక్కగడతారు. గరిష్ఠంగా వచ్చేది 1 లక్ష 80 వేలు. అది కూడా ఏడాదికి ఒకటి చొప్పున ఐదు వాయిదాల్లో అప్పు ఖాతాలోనే పడుతుంది. మన చేతికి రాదు, బిల్డరుకీ వెళ్లదు. అంటే బయానాకి గాని, రిజిస్ట్రేషన్‌కి గాని అది అక్కరకు రాదు.

అప్పు మొత్తం దగ్గర ఇంకో చిక్కుంది. 30 లక్షల లోపు అప్పుల్లో బ్యాంకులు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. 32 లక్షల ఫ్లాటుకి 28 లక్షల 80 వేలు ఇస్తామని వాళ్లే అంటారు. సరేనని సంతకం పెడితే 25 లక్షల హద్దు దాటి రాయితీ పోతుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్లకి, 25 లక్షల మీద నెల వాయిదా దాదాపు 21,700. ఆ హద్దులో ఉండటానికి ఇంకో ఆరు నెలలు డబ్బు కూడబెట్టాల్సి వచ్చినా ఆగడమే మేలని నా అభిప్రాయం.

దరఖాస్తుకి ఇంట్లో అందరి ఆధార్‌లూ కావాలి. దేశంలో ఎక్కడా ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం ఏదీ వాడుకుని ఉండకూడదు. ఇల్లు భార్య పేరున గాని ఇద్దరి పేరున గాని రాయించాలి. పేర్లు ముందే సరిచేయించుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాన్‌లో పొడి అక్షరాలే ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవాళ్లు వార్డు సచివాలయంలో టిడ్కో ఇళ్ల (పట్టణ పేదలకి ప్రభుత్వ సంస్థ కట్టే ఫ్లాట్ల) గురించి కూడా అడగాలి. అవి 300, 365, 430 చదరపు అడుగుల్లో ఉంటాయి.

ఇక కాగితాలు. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి దొరుకుతుంది. ఫ్లాటు నంబరు మీద మాత్రమే వెతికితే కాగితం శుభ్రంగా వస్తుంది, ఎందుకంటే ఆ నంబరు పుట్టి రెండేళ్లే అయి ఉంటుంది. అసలు చరిత్ర సర్వే నంబరు కింద ఉంటుంది, కాబట్టి రెండు రకాలుగానూ తీయాలి. ప్రతి లావాదేవీ దగ్గరా పేర్ల పక్కన చిన్న అక్షరాలు ఉంటాయి. ఈఎక్స్ అంటే రాసిచ్చినవాళ్లు, సీఎల్ అంటే రాయించుకున్నవాళ్లు, ఎంఆర్ అంటే తనఖా పెట్టినవాళ్లు, ఎంఈ అంటే తనఖా పుచ్చుకున్నవాళ్లు. ఎంఆర్, ఎంఈ కనిపించిన ప్రతిచోటా ఆ తనఖా విడిపించిన దస్తావేజు కింద ఎక్కడైనా ఉందా అని వెతకాలి.

నాకు చూపించిన ఒక రెండో అంతస్తు ఫ్లాటు దగ్గర ఇదే బయటపడింది. ధర పక్క ఫ్లాటు కంటే రెండు లక్షలు తక్కువ. ఈసీలో ఎంఈ పక్కన ఉన్నది బ్యాంకు పేరు కాదు, మునిసిపల్ కమిషనర్. ప్లాను ప్రకారమే కడతామన్న హామీకి బిల్డరు కట్టడంలో కొంత భాగాన్ని కార్పొరేషన్‌కి తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే దాన్ని విడిపిస్తారు. ప్లానుకి మించి కట్టి ఉంటే ఆ సర్టిఫికెట్ రాదు, ఆ ఫ్లాటు రిజిస్టర్ కాదు. పైన పెంట్‌హౌస్ కనిపిస్తే అది ప్లానులో ఉందో లేదో చూడటం ఇందుకే. ప్లాను మంజూరు ప్రొసీడింగ్స్ కాపీ అడిగి, తనఖాలో ఉన్న ఫ్లాట్ల నంబర్లు మీరే చదవండి. "అది మామూలే సార్, నెలలో విడిపిస్తాం" అన్న మాట మీద డబ్బు పెట్టొద్దు.

తరవాత 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా. విశాఖలో ధర మరీ తక్కువ చెప్పారంటే ముందు ఇది చూడాలి. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో ఉన్న పంచగ్రామాలు అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. అక్కడ దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని, పన్నులు కడుతూ, కరెంటు మీటర్లతో బతుకుతున్న కుటుంబాలున్నాయి. వాళ్ల బాధ నిజమైనది, తీరాల్సినది. కానీ ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు, దాని మీద బ్యాంకు అప్పు రాదు. ఆ ఊళ్లలో సర్వే నంబర్లన్నీ వివాదంలో లేవు కాబట్టి ఊరి పేరు వినే వదిలేయక్కర్లేదు, నంబరు పట్టుకుని చూడాలి. డి-పట్టా భూములదీ (ప్రభుత్వం పేదలకి కేటాయించినవి) ఇదే కథ, 1977 చట్టం ప్రకారం వాటి అమ్మకం మీద ఆంక్షలున్నాయి.

స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటి, ఫ్లాట్లు 8 దాటితే ప్రాజెక్టుకి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నంబరు ఉండాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడం రెరా చట్టానికి విరుద్ధం. నగదు అసలే వద్దు. స్థిరాస్తి కొనుగోలులో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు.

కొలతలకి టేపు తీసుకెళ్లండి. వెయ్యి చదరపు అడుగులు అన్న ఫ్లాటులో గోడ నుంచి గోడకి కొలిచి కూడితే నాకు 720 వచ్చింది. మిగతాది మెట్లు, లిఫ్టు, కారిడార్, గోడల మందం. రెరా ఫ్లాట్లలో అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా రాయాలి, స్థలంలో మీకొచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో కూడా అందులో ఉండేలా చూసుకోండి. సముద్రానికి దగ్గరైతే ఉప్పుగాలికి గ్రిల్స్, బాల్కనీ స్లాబు అడుగున ఇనుము తుప్పుపడతాయి. ఎర్రటి చారలు కనిపిస్తే సున్నం వేసి కప్పేలోపే అడగండి. నీళ్ల సంగతి వాచ్‌మన్‌ని కాదు, కింది అంతస్తు ఇల్లాలిని మే నెలలో అడగాలి.

రిజిస్ట్రేషన్ రోజు పెద్ద పనేం కాదు. స్లాట్, చలానా, ఇద్దరు సాక్షులు, అందరి ఆధార్‌లు. ముందురోజు మాత్రం చిత్తు దస్తావేజులో సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఫ్లాటు నంబరు, పార్కింగ్ నంబరు లింకు డాక్యుమెంట్లతో (ఆ ఆస్తి పాత దస్తావేజులతో) వేలు పెట్టి సరిచూసుకోండి. ఒక్క అంకె తప్పినా సవరణ దస్తావేజుకి అమ్మినవాళ్లు మళ్లీ రావాలి.

ఆ తరవాత జీవీఎంసీలో (విశాఖ కార్పొరేషన్) ఇంటి పన్ను, ఈపీడీసీఎల్‌లో (కరెంటు సంస్థ) మీటరు మీ పేరుకి మార్పించుకోండి. అసలు దస్తావేజులు బ్యాంకుకి ఇచ్చేటప్పుడు ఏయే కాగితాలు తీసుకున్నారో జాబితా మీద సంతకం, సీలు వేయించుకోండి. అప్పు తీరాక 30 రోజుల్లో వాటిని తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 20 ఏళ్ల తరవాత అది అడగడానికి మీ చేతిలో ఉండేది ఆ జాబితాయే.