ట్రేడ్ పేపర్లో ట్రబుల్ షూటింగ్: పికప్ బండ్ల దగ్గర నేర్చుకున్నది

డీజిల్ మెకానిక్, మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడుల్లో ఐటీఐ చేసి రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) పరీక్షకు చదువుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్యాటర్న్ మీకు తెలిసిందే. రెండో దశలో పార్ట్ బి మన ట్రేడ్ పేపర్. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత, 35 శాతం వస్తే క్వాలిఫై. మెరిట్‌లో కలపరు కదా అని చాలామంది దీన్ని ఆఖరి వారానికి నెట్టేస్తారు. పార్ట్ ఎ ఎంత బాగా రాసినా ఇక్కడ ఆగిపోతే అదంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇందులో మనవాళ్లు ఎక్కువగా తడబడేది ట్రబుల్ షూటింగ్ దగ్గర. గైడ్లలో లక్షణం, కారణం, నివారణ అని పట్టికలుంటాయి. ‘ఇంజన్ స్టార్ట్ కాకపోవడం’ కింద పది కారణాలు, ‘పవర్ తగ్గడం’ కింద దాదాపు అవే మళ్లీ. బట్టీ పట్టి వెళితే నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి. నేను ఆ పట్టికలు పక్కన పెట్టి, ఆదివారాలు మా ఊరి బైపాస్ దగ్గరున్న షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. బొలెరో పికప్పులు, టాటా ఏస్‌లు, దోస్త్ బండ్లు తెల్లారేసరికి అక్కడ వరసగా ఉంటాయి. మార్కెట్ లోడుకు టైమైపోతుంటే ఏ డ్రైవరూ పది కారణాలు వినడు. ముందు ఏది చూడాలో తెలిసినవాడే అక్కడ మేస్త్రీ. పరీక్షలో అడిగేదీ అదే.

మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) తిరుగుతోందా, లేదా? తిరగకపోతే బ్యాటరీ, వైర్లు, సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్), స్టార్టర్ మోటార్ వైపు చూడాలి. హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే డీజిల్, గాలి, కంప్రెషన్ వైపు. ఈ ఒక్క ప్రశ్నతో సగం కారణాలు పక్కకు పోతాయి.

ఎలక్ట్రికల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మెకానికల్ వాళ్లం భయపడేది దానికే కాబట్టి. ఒకరోజు టమాటా లోడుతో ఉన్న పికప్పును తోసుకొచ్చారు. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 12.5 వోల్టులు. బ్యాటరీ బాగానే ఉంది, సెల్ఫ్ మోటారే పోయిందని డ్రైవర్ తీర్మానించేశాడు. మేస్త్రీ ఏమీ విప్పలేదు. ఎర్ర ప్రోబును పాజిటివ్ పోస్టు సీసం మీద, నల్లదాన్ని ఆ పోస్టును పట్టుకున్న క్లాంపు మీద ఆనించి, ‘ఇప్పుడు కొట్టురా’ అన్నాడు. పోస్టూ క్లాంపూ తగులుకునే ఉన్నాయి, మీటరు దాదాపు సున్నా చూపించాలి. నాలుగు వోల్టులు దాటింది. క్లాంపు ఊడదీస్తే లోపలంతా తెల్లటి, పచ్చటి పొడి. వేడినీళ్లతో కడిగి, ఎమరీ పేపర్‌తో రుద్ది, బిగించి పైన వ్యాజిలిన్ పూశాక బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

ఇందులో ఉన్నది ఓమ్స్ లా: రెసిస్టెన్స్‌ను కరెంటుతో గుణిస్తే వోల్టేజ్. ఆ పొడి రెసిస్టెన్స్ 0.02 ఓములే అనుకోండి. మల్టీమీటర్ తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, అందుకే ఊరికే చూస్తే 12.5 నిక్షేపంగా కనిపిస్తుంది. స్టార్టర్ 200 ఆంపియర్లు లాగబోతే 0.02 ఇంటూ 200, అంటే నాలుగు వోల్టులు అక్కడే పోతాయి. వోల్టేజ్ డ్రాప్‌ను లోడ్ మీదే కొలవాలని పుస్తకంలో ఒక్క లైనులో రాసేది దీని గురించే. ఎర్త్ (నెగటివ్ కనెక్షన్) వైపు కూడా ఇదే పద్ధతి. ఒక ప్రోబు నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద. బండ్లలో వింత వింత జబ్బులు చాలావరకు చెడ్డ ఎర్త్ వల్లే వస్తాయి. ఒక హెడ్‌లైట్ మసకగా వెలగడం, బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా వెలగడం లాంటివి అవే.

అంకెలు కొన్ని కంఠతా రావాల్సిందే. ఫుల్ ఛార్జ్ మీద బ్యాటరీ 12.6 వోల్టులు, ఎలక్ట్రోలైట్ (లోపలి యాసిడ్) స్పెసిఫిక్ గ్రావిటీ 1.260 నుంచి 1.280. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకు తగ్గితే ముందు ఫ్యాన్ బెల్ట్ చూడండి, తర్వాతే డైనమో (పేపర్లో ఆల్టర్నేటర్ అని ఉంటుంది). 15 దాటితే రెగ్యులేటర్. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున. రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్) 85, 86 పిన్నులు కాయిల్, 30 సప్లై, 87 లోడు. ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.

ఇంజన్ వైపు పొగ రంగుల ప్రశ్న చాలా పాతది. నలుపైతే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ, నీలమైతే ఇంజనాయిల్ కాలుతోంది. తెలుపు దగ్గరే తిరకాసు. చలి పొద్దున కాసేపు వచ్చి పోతే కాలని డీజిల్, గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌ను ముందుగా వేడిచేసేవి) చూడాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గకుండా వస్తూ, రేడియేటర్లో నీళ్లు తగ్గుతూ, మూత తీస్తే బుడగలు కనిపిస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందేమో అనుమానించాలి. మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తీయాలి, దీన్ని సేఫ్టీ ప్రశ్నగా కూడా ఇస్తారు.

ఎయిర్ లాక్ (డీజిల్ లైన్లో గాలి చేరడం) గురించి చదివేటప్పుడు పాత పంపు ఇంజనా, కామన్ రైలా (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ పైపు ఉండేది) అన్నది ముందే విడదీసుకోండి. పాత ఇంజన్లలో ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, ప్రైమర్ కొడుతూ, బుడగలు పోయి డీజిల్ ధార సాఫీగా వచ్చేదాకా ఆగి బిగిస్తాం. ఆ తర్వాత పంపు, ఆఖరున నాజిల్ పైపు నట్లు. మిస్సింగ్ (డీజిల్ సరిగా మండకపోవడం) ఏ సిలిండర్లో ఉందో తెలియడానికి నడుస్తున్న ఇంజన్ మీదే ఒక్కో నట్టు వదులు చేసి, సౌండు మారనిది ఏదో చూస్తాం. కామన్ రైల్‌లో ఈ పని చేశామంటే ప్రాణం మీదికొస్తుంది. వెయ్యి బార్ దాటిన ప్రెషర్‌తో వచ్చే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కాబట్టి ఒకే ఆప్షన్ ఒక ప్రశ్నకు కరెక్టు, ఇంకో ప్రశ్నకు తప్పు. ప్రశ్నలో ఏ ఇంజనో చూశాకే ఆప్షన్లలోకి వెళ్లండి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 (బండ్ల పొగ మీద కొత్త కాలుష్య నిబంధనలు) వచ్చాక, బండి కంప్యూటర్లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ లేని షెడ్డు కష్టం. స్కానర్లో పి0335 అనే కోడ్ వచ్చిందనుకోండి, క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ అని అర్థం. సెన్సర్ పోయిందని కాదు. కనెక్టర్ వదులై ఉండొచ్చు, ఎలుకలు వైరు కొరికి ఉండొచ్చు. పి0087 అంటే రైల్ ప్రెషర్ తక్కువ, దానికి పంపు విప్పే ముందు డీజిల్ ఫిల్టర్ జామ్ అయిందేమో చూస్తారు.

నెగటివ్ మార్కులు భయపెడుతుంటే నాకు బాగా పనికొచ్చిన కిటుకు ఒకటి. ‘మొదట ఏం చేస్తారు’ అని అడిగిన ప్రశ్నల్లో, ఆప్షన్లను విప్పే పనులు, చూసే పనులు అని రెండుగా విడగొట్టండి. హెడ్ దించడం, పంపు మార్చడం, స్టార్టర్ ఓవర్‌హాల్ లాంటివి ముందే కొట్టేయొచ్చు. మిగిలేది సాధారణంగా రెండే, వాటిలో ఏది ముందో షెడ్డులో నాలుగు బండ్లు చూసినవాడికి తెలిసిపోతుంది.