క్వాంటమ్ రీసెర్చి పోస్టుకు అప్లై చేసే ముందు

అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ (క్వాంటమ్ కంప్యూటింగ్ కోసం పెట్టే టెక్ పార్కు) మాట మొదలైనప్పటి నుంచి బెజవాడ, గుంటూరు ఇంజినీరింగ్ పిల్లలు ఒకటే అడుగుతున్నారు, ఏ సర్టిఫికెట్ చేస్తే ఉద్యోగం వస్తుందని. ఒక్క సర్టిఫికెట్‌తో రీసెర్చి పోస్టు రాదమ్మా.

ముందు జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చి ఫెలోషిప్) చూడండి. నెట్ గానీ గేట్ గానీ ఉంటే నెలకు రూ.37,000, ఇంటద్దె భత్యం వేరు. 2023లో రూ.6,003 కోట్లతో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నేషనల్ క్వాంటమ్ మిషన్ హబ్‌లు నాలుగు: కంప్యూటింగ్‌కి బెంగళూరు ఐఐఎస్సీ, కమ్యూనికేషన్‌కి ఐఐటీ మద్రాస్, సెన్సింగ్‌కి బొంబాయి, మెటీరియల్స్‌కి ఢిల్లీ. నోటిఫికేషన్ల కోసం ఆయా సంస్థల సైట్లు వారం వారం చూడాల్సిందే.

ఈసీఈ వాళ్లూ, ఇది ఫిజిక్స్ వాళ్లదని వదిలేయకండి. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్‌ని (క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిది) నడిపేది సుమారు 5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ పల్సే. ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ సర్క్యూట్లు), ఎఫ్‌పీజీఏ (కావాల్సినట్టు ప్రోగ్రామ్ చేసుకునే చిప్) పని చేతిలో ఉన్నవాళ్లు ల్యాబుకి చాలా అవసరం.

ఇంటర్వ్యూలో దొరికిపోయేది చిన్న చోటే. కిస్కిట్‌లో (క్వాంటమ్ ప్రోగ్రాములు రాసే ఐబీఎం పైథాన్ లైబ్రరీ) మూడు క్యూబిట్లు పెట్టి సున్నాదో క్యూబిట్ మీద ఎక్స్ గేట్ (0ని 1గా తిప్పేది) వేస్తే జవాబు 100 కాదు, 001. సున్నాదో బిట్ కుడి చివర ఉంటుంది మరి. పాత వీడియోల్లోని ఎగ్జిక్యూట్ ఫంక్షన్ 2024లో వచ్చిన 1.0 వెర్షన్‌లో లేదు, ట్రాన్స్‌పైల్ చేసి (సర్క్యూట్‌ని మెషీన్‌కి తగ్గట్టు మార్చి) రన్ చేయాలి. పక్కపక్కన లేని క్యూబిట్లను కలపాలంటే స్వాప్ (రెండు క్యూబిట్ల స్థితులను అటూఇటూ మార్చే గేట్) పడుతుంది, ఒక్కో స్వాప్‌కి మూడు సీనాట్‌లు (రెండు క్యూబిట్ల మీద వేసే గేట్లు). గేట్లు పెరిగేకొద్దీ తప్పులూ పెరుగుతాయి. సిమ్యులేటర్‌లో బాగా వచ్చింది అసలు మెషీన్ మీద చెడేది ఎక్కువగా అక్కడే.

ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేటప్పుడు ఆయన పేపర్లో ఒక్క గ్రాఫ్ మీరే మళ్లీ వేసి, కోడ్ లింకు జతచేయండి.